జాడీలో ఎలుక, చేతిలో స్టాప్‌వాచ్

ఆడ ఎలుక మనసులోని దిగులును కొలవాలంటే శాస్త్రానికి ఒక గాజు జాడీ చాలు. 40 సెంటీమీటర్ల ఎత్తు, 18 సెంటీమీటర్ల వ్యాసం, అందులో 15 సెంటీమీటర్ల నీళ్లు: 1977లో పోర్సోల్ట్ అనే శాస్త్రవేత్త బృందం లోకానికి ప్రసాదించిన కొలతలివి. మొదటి రోజు ఎలుకను 15 నిమిషాలు ఈదిస్తారు. ఎక్కడానికి గట్టు లేదనీ, గోడ జారుతుందనీ దానికి ఆనాడే అర్థమవుతుంది. మర్నాడు మళ్లీ 5 నిమిషాలు అదే నీటిలో వదిలితే, నిన్న కరగని గోడ ఇవాళ మాత్రం ఎందుకు కరుగుతుందని అది ముక్కు పైకి పెట్టి తేలుతూ ఊరుకుంటుంది. మా అమ్మమ్మ దీనిని బుద్ధి అనేది. పరిశోధనశాలలో దీని పేరు నిరాశ. స్టాప్‌వాచ్ పట్టుకున్న పరిశోధక విద్యార్థి, ఆరో ఏడు కూడా థీసిస్ పూర్తికాక అయిదు నిమిషాలూ కదలకుండా నిలబడి, ఎలుక ఎన్ని సెకన్లు కదలలేదో రాసుకుంటాడు. అతని సెకన్లు లెక్కించేవారు లేరు. పిల్లికి చెలగాటం అంటారు గాని, ఇక్కడ పిల్లి కూడా లేదు.

అంతవరకైనా ఓర్చుకోవచ్చు. రెండు మూడు నెలల వయసున్న, అంటే మన లెక్కలో కాలేజీకి వెళ్లే ఈడున్న ఆడ ఎలుకకు ఒక్క పూటలో రెండు అండాశయాలూ కోసి తీసేసి, కొన్ని వారాలు ఆగి, దానిని ఆ జాడీలో వదిలి, అది తేలగానే “మెనోపాజ్ దాటిన స్త్రీల కుంగుబాటుకు నమూనా” అని రాయడం మాత్రం నాకు మింగుడుపడదు. వయసు మీరిన ప్రాణి మనసు గురించి కదా ప్రశ్న? కాని ముసలితనం కావాలంటే ఎలుకను ఏడాదిన్నర మేపాలి, ఆ మేతకు డబ్బు కావాలి. కనుక వయసును ప్రశ్నలో ఉంచి ప్రయోగంలోంచి తొలగించారు.

పైగా ఎలుకకు మనలాంటి మెనోపాజ్ రాదు. 9 నుంచి 12 నెలల ప్రాంతంలో దాని నాలుగైదు రోజుల ఋతుచక్రం గాడి తప్పుతుంది. ఆపైన చాలా ఎలుకలలో అండాశయాలిచ్చే ఈస్ట్రోజన్ హార్మోను పూర్తిగా ఎండిపోకుండా నెలల తరబడి కొంత వస్తూనే ఉంటుంది. అండాశయాన్ని ఒంట్లోనే ఉంచి, అందులో అండాలను పొదువుకున్న పుటికలను మెల్లగా హరించే వీసీడీ అనే రసాయనం ఉంది. అది మన స్త్రీల అనుభవానికి కొంత దగ్గర. ఓపిక కావాలి, అంతే.

ఇందులో నిజమేమీ లేదని నేననను. అండాశయాలు పోయిన ఎలుకలు ఎక్కువసేపు తేలుతాయనీ, ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్ ఇస్తే మళ్లీ ఈదుతాయనీ ఎన్నో ప్రయోగాలు చూపాయి. అయితే హార్మోను పోయి చాలాకాలం గడిచాక, ప్రాణి ముదిరాక ఇస్తే అదే మందు అదే మేలు చేయకపోవచ్చని కూడా ఈ ప్రయోగాలే సూచించాయి. అంటే వయసు లెక్కలోకి వస్తుంది. ఎవరైనా దానిని రానిస్తే.

ఆడ ఎలుకకు ఈ మాత్రం ప్రవేశమైనా దొరకడం విశేషమే. నాడీశాస్త్రంలో మగ జంతువులతో మాత్రమే చేసిన పరిశోధనలు ఆడవాటితో మాత్రమే చేసినవాటికి అయిదున్నర రెట్లు ఉన్నాయని 2011లో ఒక లెక్క తేల్చింది. ఆడవాటి హార్మోన్లు నిలకడగా ఉండవట! 2014లో 293 వ్యాసాలను పోగుచేసి చూస్తే ఆడ చుంచెలుకల కొలతలలో మగవాటికంటే ఎక్కువ హెచ్చుతగ్గులేమీ కనబడలేదు. బోనులో పెత్తనానికి కొట్టుకునే మగ చుంచెలుకల నిలకడను మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు.

ఇదంతా ఎలుకల గొడవ అని నవ్వి ఊరుకోలేకపోతున్నాను. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 49 ఏళ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, దాదాపు 9 శాతం. తరువాతి స్థానం తెలంగాణది, దాదాపు 8 శాతం. తెల్లబట్టకూ, నడుంనొప్పికీ కూడా కత్తి పట్టారు. చాలాసార్లు “ఎలాగూ కోశాం కదా” అని అండాశయాలు కూడా తీసేశారు. ఎవరినడిగి? పడుచుదానికి ఒక్క పూటలో అండాశయాలు తీసేసే ఆ పనికిమాలిన నమూనాను ప్రయోగశాల అవసరం లేకుండానే మన ఊళ్లలో మనుషుల మీద చేశారు, డబ్బు కూడా వాళ్ల దగ్గరే తీసుకున్నారు! ఏడాది తిరగకుండా నిద్రపట్టక, ఒళ్లు ఆవిర్లు కమ్మి, కారణం లేని ఏడుపుతో తిరిగి వచ్చిన 35 ఏళ్ల మనిషికి “వయసు మీద పడుతోందమ్మా” అని చెప్పి, బలానికి బిళ్లలు రాసి పంపుతారు.