ఎవరి నేరానికి వాళ్లే ఆమెన్

కుటుంబ ప్రార్థన అంటే భక్తి విషయమని అనుకునేవాళ్లను చూస్తే నాకు జాలి. భక్తికి ఆదివారం ఉంది, గుడి ఉంది. కావాలంటే ఫిబ్రవరిలో గుణదల కొండ ఉంది. రాత్రి తొమ్మిదింటికి హాల్లో చాప పరిచేది ఇంటి పరిపాలన కోసం.

ఈ అధికారం ఊరికే రాలేదు. 1529లో జర్మనీ మతసంస్కర్త మార్టిన్ లూథర్ ప్రశ్నోత్తరాల చిన్న పుస్తకం రాసి, ఇవి ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పాలన్నాడు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో దిగాక ఆ హోదా మన నాన్నలకూ దక్కింది. వాళ్లు వాక్యభాగం ఎంచడం వరకు తమ దగ్గర ఉంచుకుని, మిగతాది అమ్మలకు వదిలేశారు.

చదివే వంతు చిన్నాడిదైతే 117వ కీర్తన. రెండే వచనాలు. బైబిల్లో అంతకంటే చిన్న అధ్యాయం లేదని ఇంటర్ పిల్లలకు తెలిసినంత బాగా పాస్టర్లకు కూడా తెలియదు. నాన్నకు కోపమొచ్చిన రోజు 119. దానికి 176 వచనాలు. పౌలు ప్రసంగం వింటూ నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డ ఐతుకు మన పెద్దలకు గుర్తున్నాడు కాబట్టే కుర్చీలు తీసేసి చాప వేస్తారు.

అసలు కథ కళ్లు మూసుకున్నాక. "ప్రేమగల పరలోకపు తండ్రీ, నీకు స్తోత్రం. ఈ ఇంట్లో ఒకరు రాత్రి రెండింటి దాకా ఫోను చూస్తున్నారు, వారి మనసు మార్చు." పేరు చెప్పకపోవడం అమ్మ మర్యాద. "జీతం వచ్చిన రోజే స్నేహితులకు అప్పులిచ్చేవారికి జ్ఞానం దయచెయ్యి." నాన్న గొంతు సవరించుకుంటాడు, అంతకుమించి వీల్లేదు. "అత్తమ్మ మోకాళ్లకు బలం, మాటకు నెమ్మది ఇయ్యి తండ్రీ." దీనికి జవాబు నానమ్మ తన వంతులో, కూరలో ఉప్పు ప్రస్తావిస్తూ చెప్పుకుంటుంది. ఆఖరి ప్రార్థన పెద్దవాళ్లదే గనక ఆఖరి మాటా ఆమెదే.

పెద్దాడి సీటు దగ్గర మాత్రం అందరిదీ ఒకే మాట. దేవుడికి అక్కడ స్వేచ్ఛ ఇవ్వరు: కంప్యూటర్ సైన్సే కావాలి, విజయవాడ దాటకూడదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించాలి.

కోర్టులో ముద్దాయికి వాదించుకునే హక్కుంటుంది. ఇక్కడ తన మీది అభియోగానికి తనే ఆమెన్ అనాలి, అదీ గట్టిగా. మెల్లగా అంటే పశ్చాత్తాపం చాలలేదని లెక్క.

విస్తారంగా మాట్లాడితేనే మనవి వినబడుతుందనుకోవద్దని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని యేసు ప్రభువే చెప్పాడని ఎవరైనా గుర్తుచేయవచ్చు. నిజమే. కానీ తలుపు వేసుకుంటే మిగతావాళ్లకు ఎలా వినబడుతుంది?

రాత్రి ప్రార్థన అయ్యాక వెంటనే, సంతోషంగా నిద్రపొమ్మని కూడా లూథర్ అదే పుస్తకంలో రాశాడు. జర్మనీలో కుదిరిందేమో. గుంటూరులో చాప చుట్టకముందే నాన్న అడుగుతాడు:

"నా అప్పుల సంగతి ఆయనకెందుకు చెప్పావే?"

"మీకు చెబితే విన్నారా?"