రోడ్డెక్కిన చర్చ

2024 జనవరి మొదటి వారం గుర్తుందా? లారీ డ్రైవర్లు స్టీరింగ్ వదిలేశారు. ట్యాంకర్లు రాక పెట్రోల్ బంకుల ముందు బైకులు బారులు తీరాయి. అదంతా ఒక్క సెక్షన్ కోసం. ప్రమాదంలో మనిషి చనిపోతే, పోలీసులకో మేజిస్ట్రేటుకో వెంటనే చెప్పకుండా వెళ్లిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు అంటుంది, ఐపీసీ స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(2). పాత ఐపీసీ 304-ఏలో గరిష్ఠం రెండేళ్లే.

మిర్యాలగూడ నుంచి బియ్యం లోడుతో అర్ధరాత్రి నార్కట్‌పల్లి, చిట్యాల దాటే డ్రైవరు భయం ఒకటే: ఆగితే జనం కొడతారు, ఆగకపోతే పదేళ్లు లోపల. ఈ మాట వినిపించాల్సింది పార్లమెంటులో. ఈ సంహితతో సహా కొత్త నేర చట్టాల మూడు బిల్లులు, సవరించిన రూపంలో, 2023 డిసెంబరు 12న సభకు వచ్చాయి. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ పాస్ చేసేశాయి. అవే సమావేశాల్లో సస్పెండైన ప్రతిపక్ష సభ్యులు, రెండు సభల్లో కలిపి, 146 మంది. బిల్లులను ముందే పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘం చూసింది కదా అంటారు. చూసింది, నిజమే. 1860 నాటి ఐపీసీని మార్చొద్దని మేమూ అనం. కానీ సంఘం గదిలో మాట్లాడటం వేరు, సభలో మంత్రిని నిలదీయడం వేరు.

సమ్మెకు హోంశాఖ జనవరి 2 రాత్రికే దిగొచ్చింది. జులై 1న కొత్త చట్టాలన్నీ అమల్లోకి వచ్చినా 106(2)ను మాత్రం పక్కన పెట్టారు. ముందే అడిగేవాళ్లుంటే బంకుల దగ్గర ఆ తిప్పలు ఉండేవా?

మరి చేతిలో స్టీరింగ్ లేనివాళ్ల సంగతి? పాత పద్ధతిలో పోలీసు కస్టడీ రిమాండైన తొలి పదిహేను రోజుల్లోనే ముగిసేది. ఇప్పుడు అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్ష సంహిత, 187వ సెక్షన్ ప్రకారం ఆ పదిహేను రోజులను ముక్కలు చేసి, కేసును బట్టి తొలి నలభై లేదా అరవై రోజుల్లో ఎప్పుడైనా అడగొచ్చు. కొడుకు లోపలికి పోయి నెలైంది, ఇంక పోలీసుల చేతికి ఇయ్యరు కదా అని నల్లగొండ కోర్టు దగ్గర ఒక తల్లి అడిగితే, వకీలు గట్టిగా అవునని చెప్పలేడు. ఆమె సమ్మె చేస్తే ఏ బంకూ ఎండదు.

నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ నుంచి నలుగురు ఎంపీలున్నారు. 187కు సవరణ కోరుతూ వాళ్లలో ఒక్కరైనా ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యులు పెట్టే బిల్లు, పెట్టాలి. లోక్‌సభలో శుక్రవారం చివరి రెండున్నర గంటలు అందుకే ఉన్నాయి.