తెల్లది పొద్దున, ఎర్రది రాత్రి

1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, మూడేళ్లకు పోయింది. 1957లో మెడికల్ కాలేజీ వచ్చింది, అది మాత్రం పోలేదు. దాన్ని ఇన్నేళ్లుగా ఎందుకు నడుపుతున్నారో నాకు అర్థం కాదు. మా వీధిలో వైద్యం తెలియని ఇల్లు లేదు. ఒకవేళ ఉన్నా, మూలమీద మందుల షాపు ఉంది. అక్కడ ఓపీ చీటీ లేదు, క్యూ లేదు. "అన్నా, ఒళ్లునొప్పులు, రెండు డోసులు కట్టివ్వు" అంటే చాలు.

ఆ షాపులో స్టెతస్కోపు చేసే పని కత్తెర చేస్తుంది. పది మాత్రల షీటులోంచి అన్న నాలుగు కత్తిరిస్తాడు. పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపుకు, మాత్రలున్న ముక్క మనకు. న్యాయమైన పంపకమే. షీటు మీద నిలువుగా ఒక ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు రాయనిదే ఈ మందు వాడొద్దని దాని అర్థమట. కత్తెర ఎటు పోవాలో చూపించే గీత అనుకున్నాం మేము. కొన్ని యాంటీబయాటిక్స్ అమ్మితే కొన్నవాళ్ల పేరు, రాసిన డాక్టరు పేరు పుస్తకంలో ఎక్కించి మూడేళ్లు దాచాలని 2014 నుంచి నిబంధన కూడా ఉంది. అన్న పుస్తకం పెట్టాడు. అందులో మా అప్పులు రాస్తాడు.

మొన్న నాకు జ్వరం వస్తే పొట్లం వేసుకున్నాను. మా ఆవిడ జలుబు బిళ్ల ఒకటి ఇచ్చింది. రాత్రి ఒళ్లు ఇంకా కాలుతోందని నేనే ఒక 650 మింగాను. మూడింట్లోనూ పారాసిటమాలే ఉందట! పెద్దవాళ్లకు రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదట, దాటితే లివర్‌కు దెబ్బట. ముందే పేర్లు చదివి ఉంటే జ్వరంతో పాటు టెన్షన్ కూడా పడేవాణ్ణి.

మా ఫ్రిజ్ మీద ఒక పాత బూస్టు డబ్బా ఉంది. యాంటీబయాటిక్ ఐదు రోజులకు రాస్తే, రెండో రోజు జ్వరం తగ్గగానే మిగిలినవి అందులోకి చేరతాయి. పక్కింటి అక్క కొడుక్కి జలుబు చేస్తే అందులోంచే దానం. జలుబు వైరస్ మీద అవి పనిచేయవు కదా అనేవాళ్లకు మానవత్వం తెలియదు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో తన నోబెల్ ఉపన్యాసంలో ఒక ఊహాకథ చెప్పాడు. గొంతునొప్పి వచ్చిన ఒకాయన తనే పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వేసుకుంటాడు. క్రిములు చావకపోగా మొండికేస్తాయి. అవే భార్యకు అంటుకుని ఆమెకు న్యుమోనియా వస్తుంది, పెన్సిలిన్ పనిచేయక ఆమె చనిపోతుంది. మా బూస్టు డబ్బా సంగతి ఆయనకు ఎవరు మోసేశారో!

ఇక మా చిన్నాయన. మోకాళ్ల నొప్పులకు ఎవరో చెబితే ఒక తెల్ల మాత్ర మొదలుపెట్టాడు. రెండో రోజుకే లేచి పొలానికి పోయాడు. ఇక ఎనిమిది నెలలు వదల్లేదు. చెంపలు పూడి మొహం గుండ్రంగా తయారైంది. పెళ్లిలో అందరూ "ఏమప్పా, బాగా ఒళ్లు చేసినావే" అని మెచ్చుకున్నారు. ముగ్గురు ఆ షాపు అడ్రసు కూడా అడిగి తీసుకున్నారు. షుగరు పైకొస్తే నింద పెళ్లిలో తిన్న ఓళిగల మీదకు పోయింది. చివరికి కొడుకు కోప్పడితే పౌరుషం వచ్చి మాత్రలు ఒక్కరోజులో మానేశాడు. వారం తిరగకముందే వాంతులు, కళ్లు తిరగడం. లేవబోయి గడప దగ్గర పడిపోయాడు.

పెద్దాసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు అంతా విన్నాడు.

"స్టెరాయిడ్ అయ్యుంటుంది. నెలల తరబడి వేసుకుంటే ఒంట్లో తయారయ్యే హార్మోను తగ్గిపోతుంది. మెల్లగా తగ్గించాలి గానీ ఒక్కసారిగా ఆపకూడదు. మందు పేరేంది పెద్దాయనా?"

"తెల్లది సార్."

"ఎంత పవరు?"

చిన్నాయన చిటికెన వేలి గోరు చూపించాడు.

చిన్నమ్మకు గుర్తొచ్చి, కొంగు ముడి విప్పి షీటు ముక్క తీసిచ్చింది. డాక్టరు దాన్ని ట్యూబ్‌లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు. దాని మీద ఎర్ర గీత ఉంది. దాని పక్కన కత్తెరకు సగం తెగిన అక్షరం ఒకటి ఉంది.