ఫ్రాంక్లిన్ యాత్ర: కాగితాన్ని నమ్మారు, మాటను నమ్మలేదు

1845 మేలో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో ఎరెబస్, టెర్రర్ అనే రెండు బ్రిటిష్ నౌకలు కెనడా ఉత్తరాన మంచు సముద్రాల గుండా పసిఫిక్‌కు దారి వెతకడానికి బయల్దేరాయి. దారిలో వెనక్కి పంపిన ఐదుగురు పోగా మిగిలిన 129 మందిలో ఒక్కరూ ఇల్లు చేరలేదు. నౌకల్ని ఎందుకు వదిలారో, ఎటు నడిచారో వాళ్ల చేతిరాతలోనే చెప్పే పత్రం ఒక్కటే దొరికింది. 1859లో కింగ్ విలియం దీవిలోని రాళ్లగుట్టలో బయటపడిన ఆ అచ్చు ఫారం ఇప్పుడు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉంది.

దాని మీద రెండు కబుర్లున్నాయి. 1847 మే 28 నాటిది అంతా క్షేమమంటుంది. 1848 ఏప్రిల్ 25న అదే కాగితం అంచుల్లో ఇరికించి రాసింది చదివితే గుండె బరువెక్కుతుంది: ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11న చనిపోయాడు, ఇప్పటికి 24 మంది పోయారు, నౌకల్ని వదిలేశాం, మిగిలిన 105 మందిమి రేపు దక్షిణాన బ్యాక్ నది వైపు బయల్దేరుతున్నాం. రాసింది ఎరెబస్ కెప్టెన్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్. అందులో ఒక తప్పు కూడా ఉంది. బీచీ దీవిలో వాళ్లు శీతాకాలం గడిపింది 1845-46లో అయితే, కాగితం 1846-47 అంటుంది. ఆ ఒక్క కారణంతో పత్రాన్నెవరూ కొట్టిపారేయలేదు, సవరించుకుని చదివారు. చేయాల్సింది అదే.

ఆ మంచు ప్రాంతపు మూలవాసులైన ఇన్యూట్ల మాటకు ఆపాటి మన్నన దక్కలేదు. 1854లో స్కాట్లండ్ అన్వేషకుడు జాన్ రే వాళ్ల దగ్గర యాత్రికుల వెండి చెంచాలు, ఫోర్కులు, ఫ్రాంక్లిన్ పతకం కొన్నాడు. తెల్లవాళ్లు ఆకలితో మాడిపోయారని, చివరికి చనిపోయిన తోటివారినే తిన్నారని వాళ్లు చెప్పింది లండన్‌కు నివేదించాడు. ఊరంతా రే మీద విరుచుకుపడింది. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన పత్రికలో ఇన్యూట్ల మాట నమ్మదగింది కాదన్నాడు, యాత్రికుల్ని వాళ్లే చంపి ఉండొచ్చని కూడా అనుమానం రేపాడు. అదే మనుషులిచ్చిన చెంచాలు మాత్రం తిరుగులేని ఆధారాలయ్యాయి!

2024లో కెనడా పరిశోధకులు కింగ్ విలియం దీవిలోని ఎరెబస్ అఖాతం దగ్గర దొరికిన ఒక దవడ ఎముక ఫిట్జ్‌జేమ్స్‌దేనని డీఎన్ఏతో తేల్చారు. దాని మీద కత్తి గాట్లున్నాయి. అంచుల్లో ఆ కబురు రాసిన మనిషి ఎముకే ఇన్యూట్లు చెప్పింది నిజమని రుజువు చేసింది, 170 ఏళ్ల తర్వాత.

నౌకల సంగతీ అంతే. ఒక నౌక ఎటువైపు మునిగిందో ఇన్యూట్లు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. 2014లో ఎరెబస్ ఆ ప్రాంతంలోనే దొరికింది. 2016లో టెర్రర్ జాడ తెలిసింది కూడా సామీ కోగ్విక్ అనే ఇన్యూట్ వేటగాడు ఇచ్చిన ఆనవాలుతోనే. యాత్రికుల పుస్తకాలు తమకు దొరికాయని, పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేశామని కూడా ఇన్యూట్లు 1879లో అమెరికన్ అన్వేషకుడు ష్వాట్కాకు చెప్పారు. అలా పోయిన రాతల కోసం చరిత్రకారులు బాధపడటం సహజమే. కానీ పోకుండా నిలిచిన మాటల్ని నూరేళ్లకు పైగా పక్కన పెట్టడం నాకు అంతకంటే పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

2018లో బ్రిటన్ ఆ శిథిల నౌకల్ని కెనడాకు అప్పగించింది, అప్పటికే వెలికితీసిన 65 వస్తువుల్ని తన దగ్గరే ఉంచుకుంది. ఆ తర్వాత దొరికేవి కెనడా ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా, ఇన్యూట్ల ఉమ్మడి సొత్తు. ఈ ఏర్పాటు వస్తువుల దగ్గరే ఆగిపోకూడదు. ఫిట్జ్‌జేమ్స్ కాగితాన్ని ఎక్కడ ప్రదర్శించినా, రేకి ఈ సంగతులు చెప్పిన ఇనుక్‌పుజిజుక్ వాంగ్మూలాన్ని అతని పేరుతో సహా పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో పెట్టాలి.