మూడో రోజే ఆఫీసుకా?
ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ (చర్మాన్ని సన్నటి చుక్కలుగా కాల్చి, కొత్త చర్మం వచ్చేలా చేసే చికిత్స) చేయించుకున్న మూడో రోజే ఆఫీసుకు వెళ్లిపోవచ్చని మీ వ్యాసంలో రాశారు, ఆ మాట నేను ఒప్పుకోలేను. మొటిమల గుంటల కోసం రెండేళ్ల కిందట నేనూ చేయించుకున్నాను. మత్తు క్రీమ్ రాసి గంటసేపు కూర్చోబెట్టారు, అయినా బుగ్గల మీద చుర్రుమంటూనే ఉంది. మూడో రోజుకు మొహమంతా కాఫీ పొడి చల్లినట్టు సన్నటి పెచ్చులు. గిల్లకుండా ఉంటే అవి రాలడానికి వారం పట్టింది. అది మే నెల, రోజూ స్కూటీ మీద తిరుగుడు. నెల తిరిగేసరికి చెంపల మీద నల్ల మచ్చలు తేలాయి. మన చామనఛాయ చర్మం లేజర్ తర్వాత ఇలా నల్లబడే అవకాశం ఎక్కువని, ఎండాకాలంలో వద్దని క్లినిక్‌లో ఒక్కరూ చెప్పలేదు. అవి తగ్గడానికి ఐదు నెలలు, బోలెడంత సన్‌స్క్రీన్ పట్టాయి. తర్వాత చూపించుకున్న డెర్మటాలజిస్టు మాత్రం ముందు ప్రశ్నలే అడిగారు: పెదవి మీద ఎప్పుడైనా హెర్పిస్ పొక్కులు వచ్చాయా (లేజర్ తర్వాత అది తిరగబెట్టవచ్చు, ముందే మాత్రలు మొదలుపెడతారట), మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడారా, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బుతుందా అని. మొదటి చోట కౌంటర్ దగ్గర అడిగింది ఒక్కటే, మూడు సిట్టింగుల ప్యాకేజీయా, ఆరా అని. గుంటలు కొంత పూడాయి, అబద్ధం చెప్పను. కానీ పెళ్లి పది రోజుల్లో పెట్టుకుని వెళ్తే మాత్రం ఫొటోల్లో ఎర్రటి మొహమే పడుతుంది.