నేర్పేవాళ్ల చీటీలే తప్పైతే!

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 13 పెద్దాసుపత్రుల్లో 4,838 మందుల చీటీలు పరిశీలిస్తే దాదాపు 45 శాతం చికిత్స మార్గదర్శకాలకు భిన్నంగా ఉన్నాయి. మొత్తమ్మీద పదింట ఒకటి ఏ రకంగానూ సమర్థించలేనిదని తేలింది. ఇవి సందు చివర ఆర్‌ఎంపీ రాసినవి కావు. పీజీ చేసిన డాక్టర్లు రాసినవి. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే.

ఓపీలో రోజూ కనిపించే చీటీ ఎలా ఉంటోంది? మోకాలి నొప్పికి ఒక మాత్ర, దానికి తోడు గ్యాస్ మాత్ర, ఆ కింద విటమిన్. డయాగ్నసిస్ గడి ఖాళీ. గ్యాస్ మాత్ర ఎందుకో, ఎన్నాళ్లో ఎవరూ చెప్పరు. ఐసీఎంఆర్ తప్పుపట్టిన చీటీల్లో తరచుగా కనిపించింది ఆ కోవకు చెందిన పాంటాప్రజోలే. ఏళ్ల తరబడి మింగితే ఒంట్లో బీ12, మెగ్నీషియం తగ్గొచ్చని తెలియని డాక్టరుండడు. అయినా యూనిట్ చీఫ్ రాశారు కాబట్టి పీజీ రాస్తాడు, పీజీని చూసి హౌస్ సర్జన్ రాస్తాడు. రేపు అతనే పీహెచ్‌సీకి వెళ్లి అదే రాస్తాడు.

ఒక్కో డాక్టరు వందమందిని చూడాల్సిన ఓపీలో ప్రతి మందుకూ కారణం, గడువు రాయడం కుదరదంటారు. రద్దీ నిజమే. కానీ అనవసరమైన మందు రాయడానికీ సమయం పడుతుంది కదా!

యాంటీబయాటిక్ రాస్తే కారణం కూడా రాయమని 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ మెడికల్ కాలేజీలను కోరింది. అది విజ్ఞప్తి మాత్రమే. బ్రాండ్ పేర్లు కాక మందుల జనరిక్ పేర్లే రాయాలన్న జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధనలు 2023 ఆగస్టులో వచ్చి, డాక్టర్ల సంఘాలు గొడవ చేయగానే అదే నెలలో అటకెక్కాయి. రాసిన చీటీలను తిరిగి పరిశీలించే ప్రిస్క్రిప్షన్ ఆడిట్ సైతం చాలాచోట్ల ఆసుపత్రి గుర్తింపు తనిఖీ కోసం తయారుచేసే ఫైలే. తప్పు రాసిన డాక్టరుకు ఆ సంగతి చెప్పే నాథుడే ఉండడు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కొత్త మెడికల్ కాలేజీలు వరసగా తెరిచారు. అక్కడి విద్యార్థులకు ఇప్పుడు ఏ అలవాటు అబ్బితే ముప్పై ఏళ్లు అదే సాగుతుంది. ప్రతి కాలేజీలో మందుల గురించి బోధించే ఫార్మకాలజీ విభాగం ఉంది. నెలనెలా ఓపీ చీటీలు వాళ్ల చేతికివ్వండి. ఏ యూనిట్‌లో ఎన్ని తప్పులో విద్యార్థుల ముందే చదివించండి. ప్రొఫెసర్లు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. పాఠంలో ఒకటి చెప్పి చీటీలో ఇంకొకటి రాసేవాళ్లకు నొచ్చుకునే హక్కు ఎక్కడిది?