ఒకే రోజు పోయారట!

పొద్దున లేస్తూనే గ్రూపులో కార్డు. "చరిత్రలో ఈ రోజు, ఏప్రిల్ 23". చుట్టూ బంగారు రంగు బోర్డరు, మూలలో పూలగుత్తి, నడుమ షేక్‌స్పియర్ బొమ్మ, ఆయన పక్కన స్పెయిన్ రచయిత సెర్వాంటెస్. కింద ఎర్ర అక్షరాల్లో: "1616 ఏప్రిల్ 23! ఇద్దరు మహా రచయితలు ఒకే రోజు కన్నుమూసిన అద్భుతం!" దాని కింద వరసపెట్టి దండాలు, చప్పట్లు, "సూపర్ ఇన్ఫో సర్"లు.

నేను ఒక్క ముక్క రాశాను. మర్యాదగానే రాశాను. "తేదీ ఒకటే గానీ రోజు ఒకటి కాదండీ" అని. అంతే! "మీరెప్పుడూ తప్పులు వెతకడమేనా, కాస్త పాజిటివ్‌గా ఉండొచ్చుగా" అని జవాబు. ఆ జవాబుకి కూడా దండాలే. నాకు మాత్రం ఒక్క దండం లేదు. పది నిమిషాల్లో అదే మనిషి మళ్లీ అదే కార్డు పెట్టాడు, ఈసారి ఇంకో రంగు బోర్డరుతో.

సరే, అక్కడ వినరు కాబట్టి ఇక్కడ చెబుతాను, మీకైనా ఓపిక ఉంటుంది. 1582లో పోప్ గ్రెగరీ క్యాలెండర్ సరిచేయించాడు. స్పెయిన్ ఆ ఏడే ఒప్పేసుకుంది. అక్టోబరు 4 రాత్రి పడుకున్నవాళ్లు లేచేసరికి 15. ఇంగ్లండ్‌కి పోప్ మాటంటే గిట్టదు, పాత క్యాలెండర్‌నే పట్టుకుని 1752 దాకా వేలాడింది. ఆ ఏడు సెప్టెంబరు 2 తర్వాత 14 వచ్చింది. అంటే 1616లో ఇంగ్లండ్‌లో ఏప్రిల్ 23 అయితే స్పెయిన్‌లో మే 3. పైగా సెర్వాంటెస్ పోయింది 22న, పూడ్చిపెట్టింది 23న అంటారు. లెక్కేసుకోండి. షేక్‌స్పియర్ పోయేనాటికి సెర్వాంటెస్ పోయి పదకొండు రోజులు. అద్భుతమట!

ఇంకా ఉంది. "పుట్టిందీ ఏప్రిల్ 23నే, పోయిందీ ఏప్రిల్ 23నే" అని రెండో కార్డు. అసలు షేక్‌స్పియర్ పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు బాబూ. ఉన్నది 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మం ఇచ్చినట్టు చర్చి రిజిస్టరులో ఒక్క వరస. మూడు రోజులు వెనక్కి జరిపితే మరణం తేదీతో చక్కగా అతుకుతుంది కదా అని ఎవరో అతికించారు. చావు తేదీని బట్టి పుట్టినరోజు పెట్టించుకున్న మనిషి ఆయనొక్కడే అయ్యుంటాడు.

"యునెస్కో వాళ్లే పుస్తక దినోత్సవం ఆ రోజు పెట్టారు, వాళ్లకంటే నీకెక్కువ తెలుసా?" అని ఇంకొకాయన. పెట్టారు, 1995లో. గుర్తుగా ఒక తేదీ కావాలి, పెట్టుకున్నారు. పండగ చేసుకోండి, పుస్తకాలు కొనుక్కోండి, ఎవరు కాదన్నారు? పండగకి తేదీ పెట్టుకోవడం వేరు, ఇద్దరు మనుషుల్ని ఒకే పూట చంపేయడం వేరు. ఇంతకీ ఆ కార్డు పెట్టినాయన సెర్వాంటెస్ రాసింది ఒక్క పేజీ చదివి ఉంటే నా చెవి కోసిస్తాను.

నాకు మండేది ఆ తప్పుకి కాదు. తప్పుడు అద్భుతం మీద ఇంత మోజున్నవాళ్లకి అదే తేదీలో కళ్లెదుట ఉన్న అసలు అద్భుతం కనబడదే, అందుకు. 1858 ఏప్రిల్ 23. అప్పటికి అక్కడా ఇక్కడా ఒకే క్యాలెండర్, పేచీ లేదు. ఆ రోజు జర్మన్ల కీల్ పట్టణంలో మాక్స్ ప్లాంక్ పుట్టాడు, 1900లో క్వాంటం అనే ఆలోచనతో భౌతికశాస్త్రాన్ని తలకిందులు చేసినాయన. సరిగ్గా అదే రోజు ఇక్కడ పండిత రమాబాయి పుట్టింది. అదే రోజు బీహార్‌లోని జగదీశ్‌పూర్ దగ్గర 1857 తిరుగుబాటు నాయకుడు, ఎనభై ఏళ్ల కున్వర్ సింగ్ కంపెనీ సైన్యాన్ని ఓడించి తన కోట తను తిరిగి తీసుకున్నాడు. అప్పటికే గాయంతో ఉన్నాడు, మూడు రోజులకి పోయాడు. ఒక్క రోజున ముగ్గురు! దీనికి బంగారు బోర్డరు వెయ్యండయ్యా, నేనే మొదటి దండం పెడతాను.

వెయ్యరు. ప్లాంక్ ఫొటోకి నవ్వు తక్కువ. రమాబాయి ఎవరో తెలియదు. ఆడపిల్లకి సంస్కృతం ఎందుకని లోకం అడిగే రోజుల్లో ఇంట్లోవాళ్లే కూర్చోబెట్టి నేర్పితే, కరువులో తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని, అన్నతో కలిసి నడిచి దేశం తిరిగి, 1878లో కలకత్తా పండితుల చేత "పండిత", "సరస్వతి" అనిపించుకున్న మనిషి. వేరే కులం వాణ్ని పెళ్లాడింది. రెండేళ్లు తిరక్కుండా భర్త పోతే చంటిపిల్లను పెట్టుకుని నిలబడింది, 1889లో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచింది. అంతకుముందే, 1883లో, మతం మారి క్రైస్తవం తీసుకుందని కొందరికి కోపం, మారాక కూడా చర్చి పెద్దలు చెప్పినట్టల్లా వినలేదని ఇంకొందరికి కోపం. ఎవరి ఖాతాలోనూ పడలేదు కాబట్టి ఎవరి కార్డులోనూ లేదు.

కార్డులో ఎస్. జానకి గారు ఉన్నారు, పుట్టింది 1938. ఉండాల్సిందే, జానకమ్మ పేరు పై వరసలో చూసి నేనేమీ అనను. కానీ ఆవిడ కింద ఏముందో తెలుసా? యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో ఎక్కిన రోజు, 2005. జూలో ఏనుగుల ముందు నిలబడి ఒకబ్బాయి వాటి తొండాలు పొడుగ్గా ఉన్నాయని చెప్పే పందొమ్మిది సెకన్లు. అది చరిత్ర! దాని కింద సత్యజిత్ రాయ్, 1992లో పోయారు. ఆయన ఫొటో పక్కన కేకు బొమ్మ. జననాల టెంప్లేటు మరణాలకి మార్చే తీరిక కూడా లేదు మనవాళ్లకి.

1930 లేదు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చూశాను, లేదు. పెషావర్, కిస్సా ఖ్వానీ బజారు, 1930 ఏప్రిల్ 23. ఉప్పు సత్యాగ్రహం రోజులు. సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ని అరెస్టు చేశారని జనం బజారులోకి వచ్చారు. చేతుల్లో ఏమీ లేదు. సర్కారు సాయుధ కార్లు తెచ్చి జనం మీదికే నడిపింది, కాల్పులు జరిపింది. పోయినవాళ్ల లెక్క సర్కారుది ఒకటి, జనానిది దానికి ఎన్నో రెట్లు. అక్కడ గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలకి కాల్చమని ఆర్డరు వచ్చింది. చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన వెంట ఉన్న సిపాయిలు తుపాకులు దించేశారు. నిరాయుధుల మీద కాల్చం అన్నారు. కొండ ఊళ్ల నుంచి జీతానికి వచ్చిన హిందూ సిపాయిలు వాళ్లు, ఎదురుగా ఉన్నవాళ్లు పఠాన్లు. కోర్టు మార్షల్ పెట్టి చంద్రసింగ్‌కి యావజ్జీవం వేశారు. జైలు నుంచి బయటికొచ్చేసరికి 1941. గాంధీ గారు కూడా ఆ పనిని మెచ్చుకోలేదు, ఆజ్ఞ పాటిస్తానని ప్రమాణం చేసిన సిపాయి మాట తప్పకూడదన్నట్టే మాట్లాడారు. అటు సర్కారుకీ పనికిరాలేదు, ఇటు కాంగ్రెస్ పెద్దలకీ పూర్తిగా పనికిరాలేదు. కార్డుకి మాత్రం ఎలా పనికొస్తాడు, ఏనుగు తొండం ఉండగా!

"అన్నీ ఎలా పెడతాం, చోటు చాలదు కదా" అంటారు. పూలగుత్తి తీసేస్తే చాలుతుంది.

చోటు సంగతి వదిలేయండి, పెట్టినవాటి గతి చూడండి. "1967: సోయుజ్ 1 అంతరిక్ష నౌక ప్రయోగం", పక్కన రాకెట్ బొమ్మ, బొటనవేలు. చదివినవాడు ఏమనుకుంటాడు? భేష్ అనుకుంటాడు. అందులో వెళ్లిన వ్లాదిమిర్ కొమరోవ్ మర్నాడు దిగుతుంటే పారాచూట్ సరిగా విచ్చుకోక నేలకు గుద్దుకుని చనిపోయాడు. అంతరిక్ష యాత్రలో ప్రాణం పోగొట్టుకున్న మొదటి మనిషి. అది 24 కదా, వాళ్ల ఖాతాలో రేపటి సరుకు! ఈ రోజు వరకూ ఆయన క్షేమం.

ఈ తేదీల పిచ్చితో నాకు పాత లెక్క ఒకటి ఉంది, అదీ చెప్పేస్తాను. కాలేజీ రోజుల్లో ఒక క్విజ్, ఫైనల్. "గెలీలియో పోయిన సంవత్సరమే పుట్టిన శాస్త్రవేత్త ఎవరు?" అని ప్రశ్న. మైకు నా చేతిలో ఉంది. వాళ్లకి కావల్సింది న్యూటన్ అని నాకు తెలుసు. తెలిసి కూడా నిజం చెప్పాను. గెలీలియో పోయింది ఇటలీ లెక్కలో 1642 జనవరి 8. న్యూటన్ పుట్టింది ఇంగ్లండ్ పాత లెక్కలో 1642 డిసెంబరు 25, ఇటలీ లెక్కలో 1643 జనవరి 4. ఇద్దర్నీ కొత్త క్యాలెండర్‌లో పెడితే 1642, 1643. ఇద్దర్నీ పాతదాంట్లో పెడితే 1641, 1642. ఎటు తిప్పినా ఒకే సంవత్సరం రాదు! ఒకణ్ని ఇందులో, ఇంకొకణ్ని అందులో పెడితేనే కుదురుతుంది. ఇదంతా మైకులో చెప్పాను. క్విజ్ మాస్టరు నావంక జాలిగా చూసి, చేతిలో ఉన్న కార్డు తిప్పి చూసుకుని, "కార్డులో న్యూటన్ అని ఉందమ్మా" అన్నాడు. పాయింటు పక్క టీముకి. వాళ్లు "న్యూటన్" అని ఒక్క ముక్క అన్నారు, కప్పు పట్టుకెళ్లారు. మా టీములో మిగతా ఇద్దరూ నాతో వారం పాటు మాట్లాడలేదు.

ఆ మాస్టరు ఇప్పుడెక్కడున్నాడో గానీ, ఆ కార్డు మాత్రం బోర్డరు వేసుకుని నా ఫోన్‌లోకి వచ్చేసింది. నిజంగా పొంతన కుదిరినవి కావాలంటే ఉన్నాయండీ. గెలీలియో పోయిన సరిగ్గా 300 ఏళ్లకి, 1942 జనవరి 8న భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ పుట్టాడు. ఐన్‌స్టీన్ పుట్టినరోజు మార్చి 14న, 2018లో పోయాడు. అందరూ కొత్త క్యాలెండర్ వాళ్లే, ఎవరూ గోల చెయ్యరు. అవి పెట్టుకోండి, కేకు బొమ్మ కూడా నేనే పంపుతాను, పుట్టినవాడి పక్కన పెడితే.

రేపు 24. సచిన్ పుట్టినరోజు, కాబట్టి కార్డు మొత్తం ఆయనే, ఆ పూలగుత్తి స్థానంలో బ్యాటు. కొమరోవ్ పేరు ఆ కార్డులో ఎక్కడైనా కనబడితే ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి కామెంట్లో పెట్టండి. నేను చూడను, గ్రూపు మ్యూట్ చేసేశాను.